పది లీటర్ల వేసవి

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు లేదు, నీలం కూడా లేదు. పదేపదే ఉతికిన గుడ్డలా వెలిసిపోయి ఉంది. ఎండ ఇంకా ముదరనే లేదు, మా ఊరి పెట్రోలు బంకు ముందు నిలబడ్డ కార్ల రేకులు అప్పుడే చెయ్యి పెట్టనివ్వడం లేదు. మా ముందు పద్నాలుగు బళ్లున్నాయి. లెక్కపెట్టింది మా ఆవిడ. పక్క సీట్లో కూర్చుని, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాని మీద కుడి చెయ్యి కప్పుకుని ఉంది. ఏడాదిగా ఆమె ఎక్కడ కూర్చున్నా అలాగే కూర్చుంటుంది.

బంకతను ఒక అట్టముక్క మీద రాసి స్తంభానికి కట్టాడు. కారుకు వారానికి పది లీటర్లు. అంతే రాసి ఉంది.

"ఎందుకట?" అని ఆమె కిటికీలోంచి అడిగింది.

"ఓడలు రావడం లేదటమ్మా," అన్నాడు ముందు బండి పక్కన నిలబడ్డ మనిషి.

"ఓడలు నీళ్ల మీద ఆగిపోతే మట్టి మీద మేమూ ఆగిపోవాలా? మా ఆయన పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. ఇదెక్కడి చుట్టరికం!"

వరుసలో నలుగురు నవ్వారు. నేను భాగాహారం చేస్తున్నాను. మా ఊరి బడిలో ఐదేళ్లు చదివి నేను తెచ్చుకున్నదల్లా అదే.

ఆమెకు మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి పట్నం ఆస్పత్రిలో నాలుగు గంటలు యంత్రం మీద పడుకోవాలి. అది రక్తం కడిగి తిరిగి ఒంట్లోకి పంపుతుంది. ఒక్కసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండుసార్లు తప్పితే ఊపిరి ఆడదు. మూడోసారి సంగతి డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. మా ఊరి నుంచి పట్నానికి నలభై కిలోమీటర్లు. వారానికి రెండు రాకపోకలు, నూట అరవై. డీజిలు లేదని బస్సు అంతకుముందు వారమే మానేసింది. మా తెల్ల కారు లీటరుకు పన్నెండు ఇస్తుంది. పది లీటర్లకు నూట ఇరవై. నలభై తక్కువ.

మా వంతు వచ్చాక బంకతనికి ఆస్పత్రి చీటీ చూపించాను. చివరిదాకా చదివి, రెండు చేతులతో తిరిగిచ్చాడు.

"నా చేతిలో లేదు పెద్దాయనా. ఆస్పత్రి బండికి కూడా ఇదే కొలత."

నేను తలూపాను. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "పోనీలే బాబూ, నాకైతే రోజుకు అర లీటరు నీళ్లే తాగమన్నారు. దీనికి వారానికి పది లీటర్లు. నాకంటే ఇదే నయం."

ఆ వారం శుక్రవారం తిరుగు ప్రయాణంలో ఇంటికి ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకు అడుగున పాత పెట్రోలు కొంత ఉండబట్టి అంతదూరమైనా వచ్చాం. యంత్రం మీద నుంచి లేచిన రోజు ఆమె నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. కారు నీడ ఎటు పడిందో చూసి అటు పక్క తువ్వాలు పరిచాను. కూర్చుంది. ఎండ జరిగినప్పుడల్లా ఆమె కూడా తువ్వాలుతో పాటు జరిగింది.

"ఇక్కడే ఇల్లు కట్టుకుంటే ఆరు కిలోమీటర్లు మిగులుతాయి కదయ్యా," అంది.

పెదాలు పొడిబారి తెల్లగా ఉన్నాయి. ఆ పెదాలతోనే అంది. నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. రెండు గంటల తర్వాత పాలబండి వచ్చింది. దాని డ్రైవరు మా కారుకు తాడు కట్టి ఇంటిదాకా లాక్కెళ్లాడు.

ఆ సాయంత్రమే పట్నం నుంచి మా మరదలు ఫోను చేసింది. ఆమె మా ఆవిడ చెల్లెలు. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. ఆస్పత్రికి మూడు వీధుల అవతల ఒక గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆడవాళ్ల బట్టలు కుడుతుంది.

"బావా, ఎందుకొచ్చిన అవస్థ ఇది? అక్కను నా దగ్గర వదిలిపెట్టు. నడిపించుకుని తీసుకెళ్తాను, నడిపించుకుని తీసుకొస్తాను. పెట్రోలొద్దు, గిట్రోలొద్దు."

నేను ఫోను మా ఆవిడకిచ్చాను. ఆమె దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "నేనక్కడికొస్తే ఇక్కడ ఈయన గతేంటే? అగ్గిపెట్టె ఎక్కడుంటుందో కూడా తెలియదు ఈయనకి," అంది. అని నా వైపు చూసింది.

నేను ఉండమనలేదు, వెళ్లమనలేదు. అగ్గిపెట్టె కిటికీ మీద ఉంటుందని నాకు తెలుసు. మొదటిసారి ఆమెను ఆస్పత్రిలో చేర్చినప్పుడు పది రోజులు ఆ ఇంట్లో ఒక్కడినే ఉన్నాను. ఆ పది రోజులూ ఇంట్లో నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. మూడో రోజు నుంచి చెప్పులు బయటే విడిచి తిరిగాను.

మంగళవారం ఆమెను యంత్రం దగ్గర వదిలి, కారును మెకానిక్కు షెడ్డుకు తీసుకెళ్లాను. అతన్ని అందరూ స్టెతస్కోపు అంటారు. ఎవరి బండి వచ్చినా ముందు పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడికి చెవి ఆనించి వింటాడు. విన్నంతసేపూ కళ్లు మూసుకుంటాడు. షెడ్డులో ఎవరైనా మాట్లాడితే తిడతాడు.

"ఏంటన్నా కష్టం?"

"లీటరుకు పన్నెండు ఇస్తోంది. పదహారు కావాలి."

"నాకు పదహారేళ్లు కావాలి, ఎవరిస్తారు?" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, పంచె కట్టు నుంచి చెప్పుల దాకా ఒకసారి చూసి, "ఎందుకు?" అన్నాడు.

చెప్పాను. రెండు ముక్కల్లో అయిపోయింది. అతను బానెట్టు ఎత్తాడు.

ముందు గాలి వడకట్టే ఫిల్టరు బయటికి తీశాడు. నేల మీద ఒక్కసారి తట్టాడు. గుప్పెడు దుమ్ము రాలింది.

"ఎప్పుడు మార్చావన్నా?"

"మార్చాలా?"

"మీ ఊరి రోడ్డు సగం ఇందులోనే ఉంది. నీ ముక్కులో గుడ్డ కుక్కి పరిగెత్తమంటే పరిగెత్తుతావా?"

ప్లగ్గులు నాలుగూ విప్పి అరచేతిలో వరసగా పెట్టి చూపించాడు. మసి పట్టి ఉన్నాయి. "నీ పెట్రోలు కాలడం లేదు, మాడుతోంది." తర్వాత టైర్లలో గాలి చూశాడు. నాలుగింట్లోనూ ఉండాల్సినదానికంటే తక్కువే. "మెత్తటి ఇసుకలో నడిస్తే పిక్కలు లాగవూ? దీనికీ అంతే. ప్రతి వారం గాలి చూపించు. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు." తర్వాత ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి చేత్తో తిప్పాడు. మూడు చక్రాలు ఊరికే తిరిగాయి. వెనక ఎడమ చక్రం సగం చుట్టు తిరిగి ఆగిపోయింది.

"ఇదిగో దొంగ దొరికాడు," అన్నాడు స్టెతస్కోపు సంతోషంగా. "బ్రేకు పట్టేసి ఉంది. నువ్వు ఒక చేత్తో బండి తోస్తూ ఇంకో చేత్తో వెనక్కి లాగుతున్నావు. ఎన్నాళ్లనుంచో!"

నాకు సిగ్గేసింది. ఎద్దు కాలు కుంటితే మూడు పొలాల అవతల నుంచి పోల్చగలను. కారు ఏడాదిగా కుంటుతుంటే చూడలేకపోయాను.

తర్వాత అతను డిక్కీ తెరిచాడు. అందులో గడ్డపార, పార, రెండు సగం ఎరువు బస్తాలు, మోకు, కాలు విరిగిన కుర్చీ ఉన్నాయి.

"డిక్కీయా, గోదామా ఇది?"

"కుర్చీ బాగు చేయిద్దామని."

"చేయిద్దువుగానీలే. ముందు దించు. పైన ఆ క్యారియరెందుకు? గాలికి అడ్డం తప్ప?"

అన్నీ దించాం. ఇంజనాయిలు మార్చాడు. కార్బురేటరు విప్పి, ఊది, తుడిచి బిగించాడు. మళ్లీ స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఈసారి కళ్లు తెరిచే విన్నాడు.

"నా పని అయిపోయింది. మిగతాది నీ కాల్లో ఉంది. యాక్సిలరేటరు తొక్కకూడదన్నా. నిద్రపోతున్న పిల్ల ఊయల లాగినట్టు, అంత మెల్లగా. నలభై ఐదు, యాభై దాటొద్దు. పై గేరులోకి తొందరగా వెయ్యి. బ్రేకు వేసిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చింది రోడ్డు మీద పారబోసినట్టే లెక్క. అంచేత దూరం చూడు. ముందు ఏముందో ముందే చూస్తే బ్రేకుతో పనుండదు. రైలు గేటు పడితే ఇంజను ఆపెయ్యి."

"కనుమ దిగేటప్పుడు కూడా ఆపేస్తే?"

తుడుచుకుంటున్న చేతులు ఆపాడు. "ఆ పని మాత్రం చెయ్యకు. నీ బ్రేకుకు బలమిచ్చేది ఇంజనే. అది ఆగితే బ్రేకు ఒకసారి పడుతుంది, రెండోసారి కాస్త పడుతుంది, మూడోసారి రాయి తొక్కినట్టే. దిగుడులో గేరులోనే ఉంచి కాలు తియ్యి. చాలు. ఏసీ సంగతి అడగలేదే?"

"నాకే తెలుసు," అన్నాను.

ఏసీ మానేశాం. వేసవి నడినెత్తి మీదికి వచ్చిన రోజులవి. మా ఆవిడ తడిగుడ్డ మెడ చుట్టూ వేసుకుని కూర్చునేది. నీళ్లు తాగకూడదు కాబట్టి అప్పుడప్పుడు ఆ గుడ్డ కొస పెదాలకు అద్దుకునేది. నేను చూడనట్టు ఉండేవాణ్ని. నేను చూడనట్టు ఉన్నానని ఆమెకు తెలుసు.

అయినా, నా జీవితంలో ఆ వారాల్లాంటివి మళ్లీ రాలేదు. దూరం చూడటం ఆమె పని అయింది. నేను కాలు చూసుకునేవాణ్ని, ఆమె రోడ్డు చూసేది. సీటు ముందుకు జరుపుకుని, అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, కోతకొచ్చిన చేనుకు కాపలా ఉన్నట్టు కూర్చునేది.

"గొర్రెలు. అదిగో, ఆ మలుపు అవతల. దుమ్ము లేస్తోంది చూడు. కాలు తియ్యి."

"ఊఁ."

"నేను చెప్పకముందే తీశావా, చెప్పాక తీశావా?"

"ముందే."

"అబద్ధం. కారు ఇప్పుడే నెమ్మదించింది. నాకు వీపులో తెలుస్తుంది."

నిజంగానే తెలిసేది. నేను గేరు మార్చడం ఆలస్యం చేస్తే గొంతు సవరించుకునేది. ముందు లారీ ఎర్రదీపం వెలిగితే నా మోకాలి మీద వేలితో తట్టేది. ముప్పై ఏళ్లు కాపురం చేశాం. పొలం పని నాది, ఇంటి పని ఆమెది. ఇద్దరం కలిసి ఒకే పని చేయడం అదే మొదలు. గొర్రెల మంద మేం చేరే సమయానికి సరిగ్గా రోడ్డు దాటిపోయి, బ్రేకు తాకకుండా కారు జారిపోతే ఆమె గెలిచిన ముఖంతో నా వైపు చూసేది.

"ఒక్క మాటన్నా మాట్లాడవేంటయ్యా? మాటలకు కూడా పెట్రోలు ఖర్చవుతుందా?"

"అవుతుందేమో."

"అయితే నా మాటలకే అయిపోయింది మొత్తం," అని నవ్వేది.

స్టెతస్కోపు బాగు చేసిన వారం పద్నాలుగున్నర వచ్చింది. రెండు వారాలు అలా నడపడం నేర్చుకున్నాక పదిహేనున్నర వచ్చింది. పది లీటర్లకు నూట యాభై ఐదు. అక్కడ ఆగిపోయింది. ఎంత ఊయల లాగినా అంతకు మించి కదలలేదు. శుక్రవారం తిరిగి వచ్చేటప్పుడు ఇంటికి ఐదు కిలోమీటర్ల ఇవతల కారు ఆగేది. పాలబండి వచ్చేదాకా కూర్చునేవాళ్లం.

"వచ్చారా? మీరు కనబడకపోతే నాకూ తోచడం లేదు," అనేవాడు పాలబండి డ్రైవరు, తాడు విప్పుతూ.

మా ఆవిడ అతనితో నవ్వుతూ మాట్లాడేది. నేను తాడు కొక్కేనికి తగిలించేవాణ్ని. రెండో శుక్రవారం అతను వచ్చే వారం నుంచి తన బండి కూడా రాదని చెప్పాడు. పాలు ఊళ్లోనే ఉంటాయట, ఎవరికి కావాలంటే వాళ్లు తాగమన్నారట.

ఇక ఐదు కిలోమీటర్లు ఎక్కడినుంచైనా తేవాలి.

మా దారిలో, పట్నానికి దగ్గరగా, ఒక కనుమ ఉంది. అటు రెండు కిలోమీటర్లు, ఇటు రెండు కిలోమీటర్లు దిగుడు. ఆ మంగళవారం పొద్దున కనుమ మీదికి ఎక్కాక, గేరు తీసి, తాళంచెవి ఒక మెట్టు వెనక్కి తిప్పాను. ఇంజను ఆగింది. కారు దానంతటదే దొర్లింది. గాలి చప్పుడు, టైర్ల కింద చిన్నరాళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎక్కడో పిట్ట అరిచింది, అది కూడా వినబడింది.

మా ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఏంటి, ఇది కూడా నీలాగే అయిపోయింది? నోట్లో మాట లేదు?"

"దిగుడు కదా," అన్నాను.

అంతకంటే చెప్పలేదు. స్టెతస్కోపు ఏమన్నాడో చెప్పలేదు. ఆమె ఎప్పుడూ నా పనిని అనుమానించలేదు కాబట్టి అడగలేదు. ఆ శుక్రవారం కారు మా ఇంటి గుమ్మం ముందు ఆగింది. అంటే నేను ఆపితే ఆగింది. ఆమె కారు దిగి బానెట్టు మీద అరచెయ్యి వేసి, చురుక్కుమంటే తీసుకుని, "శభాష్," అంది. అది కారుతో అందో నాతో అందో తెలియదు.

అలా మూడు వారాలు గడిచాయి. వారానికి నాలుగు దిగుళ్లు. బ్రేకు ఎక్కడ ఒకసారి తొక్కాలో, ఎక్కడ తొక్కకూడదో నాకు కంఠతా వచ్చేసింది. ఒక్కసారి తొక్కితే చాలనుకున్నాను. ఒక్కసారే తొక్కేవాణ్ని.

నాలుగో వారం శుక్రవారం మధ్యాహ్నం తిరిగి వస్తున్నాం. ఆమె యంత్రం మీద నుంచి లేచి గంటయింది. అలసిపోయి ఉంది, అయినా కళ్లు మూసుకోలేదు. కనుమ మీద ఇంజను ఆపాను. సగం దిగాక ఎండుగడ్డి వేసుకున్న ట్రాక్టరు ఎదురొచ్చింది. గడ్డి సగం రోడ్డు మీదికి వేలాడుతోంది. పక్కకు తప్పుకోవడానికి ఒకసారి తొక్కాను. బాగానే పడింది. అది దాటాక మలుపు. మలుపులో రోడ్డు మరమ్మతు వాళ్లు మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ డ్రమ్ములు రోడ్డుకు అడ్డంగా పెట్టి వెళ్లారు. పొద్దున వెళ్లేటప్పుడు అవి లేవు.

"డ్రమ్ములు," అంది ఆమె. ఎప్పుడూ చెప్పినట్టే, మామూలుగా చెప్పింది.

తొక్కాను. కాస్త పడింది. మళ్లీ తొక్కాను. రాయి.

ఆ తర్వాత ఎంతసేపో తెలియదు. చాలా తక్కువసేపే అయి ఉండాలి. రెండు పాదాలూ పెట్టి తొక్కాను. హ్యాండుబ్రేకు లాగాను. తాళం తిప్పాలని తోచలేదు. ఎడమ పక్కన మరమ్మతుకు తెచ్చిన ఇసుక కుప్ప కనిపించింది. స్టీరింగు అటు తిప్పాను. కారు ముందు భాగం ఇసుకలో దిగబడి, వెనక భాగం ఒకసారి లేచి పడింది.

దుమ్ము అణిగేదాకా ఇద్దరం కదల్లేదు. ఇసుక బానెట్టు మీది నుంచి సన్నగా జారుతోంది.

ఆమె ముందుకు వంగి ఉంది. ఎడమ చెయ్యి గుండెలకు హత్తుకుని, దాని చుట్టూ ముడుచుకుని ఉంది. దెబ్బ కుడి మోచేతికీ నుదుటికీ తగిలింది. ఎడమ చేతికి తగలనివ్వలేదు. ఆ చేతి మణికట్టు దగ్గర డాక్టర్లు రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. యంత్రం సూదులకు అదే దారి. అక్కడ వేలు పెడితే లోపల సన్నగా అదురుతూ ఉంటుంది. ఆ అదురు పోయిందంటే దారి మూసుకుపోయినట్టే.

ఆమె మెల్లగా నిటారుగా కూర్చుంది. మణికట్టు చెవికి ఆనించుకుంది. కళ్లు మూసుకుని వింది.

"ఆడుతోంది," అంది.

ఆ తర్వాత తాళంచెవి వైపు చూసింది. అది ఎక్కడ ఉండాలో అక్కడ లేదు, ఒక మెట్టు వెనక ఉంది. దాన్ని చూసింది, నా పాదాలు చూసింది. ముప్పై ఏళ్లలో నా గురించి ఆమెకు తెలియని సంగతి అదొక్కటే. అది కూడా తెలిసింది.

"ఎన్నాళ్లనుంచి?"

"మూడు వారాలు."

"చెప్తే వద్దంటానని చెప్పలేదా?"

నేను ఇసుక వైపు చూశాను.

కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. మెడ చుట్టూ ఉన్న తడిగుడ్డ తీసి నుదుటి మీది మట్టి తుడుచుకుంది. తర్వాత ఆ గుడ్డ మడతపెట్టి నాకిచ్చింది. నా గడ్డం మీద రక్తం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"వెనక్కి తిప్పు," అంది. "చెల్లెలింటికి పోదాం."

భోజనం నుంచి వచ్చిన మరమ్మతు కూలీలు కారును ఇసుకలోంచి లాగారు. ముందు దీపం పగిలింది, ఇంకేమీ కాలేదు. ఇంజను మొదటి తాళానికే అందుకుంది. అంత బాగా చేశాడు స్టెతస్కోపు. పట్నం దాకా ఆమె రోడ్డు చూడలేదు. కిటికీలోంచి పక్కకు చూస్తూ కూర్చుంది. రెండుచోట్ల నేను అనవసరంగా బ్రేకు వేశాను.

మా మరదలు గుమ్మంలోనే అక్క నుదురు చూసి, నా గడ్డం చూసి, పక్కకు తప్పుకుంది. అక్కను లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"బట్టలు తెచ్చివ్వు వచ్చే వారం," అంది మా ఆవిడ. "చీరలు నాలుగు చాలు. దువ్వెన కూడా."

"ఊఁ."

"కోళ్లకు మేత మర్చిపోకు."

"ఊఁ."

"దిగుడులో..." అంది.

"ఆపను," అన్నాను.

ఆ తర్వాత వేసవి ఎలా గడిచిందో చెప్పడానికి ఎక్కువ లేదు. మంగళవారాలు, శుక్రవారాలు మామూలు రోజులైపోయాయి. పొద్దున్నే లేచి బట్టలు వేసుకుని, తాళంచెవి కోసం చెయ్యి చాపి, గుర్తొచ్చి కూర్చునేవాణ్ని. వారానికొకసారి, ఆదివారం, ఆమెను చూడటానికి వెళ్లేవాణ్ని. ఒక్క రాకపోక, ఎనభై కిలోమీటర్లు. ట్యాంకులో ఎప్పుడూ పెట్రోలు మిగిలేది. బంకతను పది లీటర్లు పోయబోతే ఐదు చాలనేవాణ్ని. అతను నా పక్క సీటు చూసి గబగబా మూత బిగించేవాడు.

అలవాటు తప్పలేదు. నిద్రపోతున్న పిల్ల ఊయల లాగినట్టే తొక్కేవాణ్ని. దూరం చూసేవాణ్ని. గొర్రెలు కనిపిస్తే కాలు తీసి, "గొర్రెలు," అని పైకే అనేవాణ్ని. ఒకసారి అన్నాక, ఆ మాట కారులో చాలాసేపు ఉన్నట్టనిపించింది. మళ్లీ అనలేదు.

పగిలిన దీపం మార్పించడానికి షెడ్డుకు వెళ్లినప్పుడు స్టెతస్కోపు అడిగాడు. "ఇప్పుడెంతిస్తోందన్నా?"

"పదిహేడు."

"పదిహేడా! బరువు తగ్గింది కదా మరి," అని, నాలుక కరుచుకున్నాడు. స్క్రూడ్రైవరు తీసుకుని, ఏ జబ్బూ లేని ఇంజను మీద పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

ఇంట్లో ఆమె వస్తువులు ఎక్కడివి అక్కడే ఉంచాను. చీరలు అడిగింది నాలుగు, తీసుకెళ్లింది నాలుగు. తర్వాతి ఆదివారం ఇంకో రెండు అడిగింది. ఆపై వారం కళ్లజోడు పెట్టె, పాత దుప్పటి అడిగింది. నేను ఒక్కొక్కటీ కారు వెనక సీట్లో పెట్టుకుని తీసుకెళ్లేవాణ్ని. ఇల్లు కొంచెం కొంచెంగా పట్నానికి వెళ్తోందని నాకు తెలుస్తూనే ఉంది. రెండు కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. ఈ సంగతి ఆమెకు చెప్పాలని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ని.

మొదటి వాన పడిన వారం బంకు స్తంభం మీది అట్టముక్క తడిసి ఊడిపోయింది. బంకతను మళ్లీ కట్టలేదు. ఓడలు వచ్చాయట. ఎవరికి ఎంత కావాలంటే అంత.

"ఎంత పెద్దాయనా?"

"నిండా," అన్నాను.

నోటిదాకా పోయించాను. ఆ ఆదివారం ఉతికిన చొక్కా వేసుకున్నాను. పక్క సీటు తడిగుడ్డతో తుడిచాను. దాన్ని ఆమె కూర్చునేచోటికి, ముందుకు, జరిపాను. ఏం చెప్పాలో దారి పొడుగునా సరిచూసుకున్నాను. పెట్రోలు దొరుకుతోంది, ఏసీ వేసుకోవచ్చు, దిగుడులో ఇంజను ఆపను. మూడు మాటలు. నాకు మూడు చాలా ఎక్కువ.

మా మరదలి వీధిలోకి తిరగగానే ఆమె నవ్వు వినబడింది. తలుపు తీసి ఉంది. గదిలో ముగ్గురు ఆడవాళ్లు రవికలు కుట్టించుకోవడానికి వచ్చి చాప మీద కూర్చున్నారు. మా ఆవిడ గోడకు ఆనుకుని, ఒక రవికకు గుండీలు కుడుతూ, వాళ్లకేదో చెబుతోంది. కాళ్ల వాపు లేదు. బుగ్గ మీద కాస్త రంగు వచ్చింది. నన్ను చూసి ఆ ఆడవాళ్లు సర్దుకుని లేచారు.

"ఈయనేనా మీ ఆయన? ఏం మాట్లాడరన్నారు?" అని ఒకామె అడిగింది.

"మాట్లాడతారు. కారుకు అర్థమయ్యేలా," అంది మా ఆవిడ.

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. మా మరదలు లోపల వంట చూస్తూ, వీపు ఇటు పెట్టి చెప్పింది. "వచ్చే వారం నుంచి మూడుసార్లట బావా. డాక్టరు మొన్న చెప్పాడు. నడిచే వెళ్తున్నాం కాబట్టి అక్కకేం ఇబ్బంది లేదులే."

మూడుసార్లు. రెండువందల నలభై కిలోమీటర్లు. పదిహేనున్నర లీటర్లు. లెక్క దానంతటదే అయిపోయింది. ఇప్పుడు అంత పెట్రోలు ఉంది.

మా ఆవిడ సూదిలో దారం కొరికి, గుండీ లాగి చూసింది.

"ట్యాంకు నిండా పోయించాను," అన్నాను.

"నిండానా?"

"ఊఁ."

ఆమె తలెత్తి నా చొక్కా చూసింది, దువ్వుకున్న తల చూసింది. తెరిచిన తలుపులోంచి బయట నిలబెట్టిన కారును, ముందుకు జరిపిన పక్క సీటును చూసింది. దాని వైపు కాసేపు చూసింది. తర్వాత రవిక మడతపెట్టి పక్కన పెట్టింది.

"ఎంత దూరం వచ్చావో. కూర్చో, తిందువుగానీ," అంది.

మిగిలిన రెండు మాటలూ నాలోనే ఉండిపోయాయి. చేతులు కడుక్కుని వచ్చాను. మా మరదలు చాప మీది గుడ్డముక్కలు ఊడ్చి మూడు పళ్లాలు పెట్టింది. అన్నం, ఉడికించి నీళ్లు వార్చిన కూరగాయలు. మా ఆవిడకు పనికొచ్చే తిండే అందరికీ వండారు. కిటికీ బయట చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. మా ఆవిడ నా ఎదురుగా కూర్చుంది, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో మెల్లగా కలుపుకుంటూ. నేను పళ్లెంలోది తినేశాను. ఆమె అడక్కుండానే ఇంకొక గరిటె అన్నం పెట్టింది. నేను వద్దనలేదు. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం.